మా తమ్ముణ్ణి చెప్పకుండా ఎత్తుకుపోయిన రోజు

మా చిన్నప్పుడు కాలువకు నీళ్లు వదిలారంటే చాలు... మా సుజాత టీచరమ్మ అంగన్‌వాడీ గడప దగ్గరే చాప వేసుకుని కూర్చునేది. త్రిపురారం దగ్గర మా ఊరు. కట్ట దిగితే అంగన్‌వాడీ, ఎక్కితే కాలువ. పాటలు చెప్పినా, అక్షరాలు దిద్దించినా, గుగ్గిళ్లు పెట్టినా ఆ గడప వదిలేది కాదు.

ఆ మధ్యాహ్నం అందరం పడుకున్నాం. ఓ పిల్ల కక్కుకుంటే కడగడానికని టీచరమ్మ లోపలికి పోయింది. తిరిగొచ్చేసరికి నా పక్కన పడుకున్న మా తమ్ముడు శివ లేడు.

"తమ్ముడేడి బిడ్డా? నీకు చెప్పిండా?" అని నన్ను లేపింది. నాకేం తెలుసు... ఏడుపందుకున్నా. మమ్మల్ని వెనక వంట దగ్గరున్న ఆయమ్మకు అప్పజెప్పి, చెప్పుల్లేకుండా కట్ట మీదికి ఉరికింది. నేను తలుపు సందులోంచి చూస్తున్నా... నీళ్లలోకి వంగి "శివా... ఓ శివా..." అని ఒకటే అరుపు. నాట్లేసేవాళ్లు పరుగెత్తుకొచ్చారు. ఒకాయన కాలువలోకి దిగాడు. మా అమ్మ పొలం నుంచి వచ్చి కట్ట మీదే కూలబడిపోయింది. ఇక మా తమ్ముడు లేడనే అనుకున్నా.

ఎంతసేపయిందో... కట్ట అవతల నుంచి మా తాత గొర్రెల మంద కనిపించింది. తాత భుజం మీద మావాడు, కాళ్లూపుకుంటూ!

మా గొర్రెల కాపర్ల ఇళ్లలో మనుమణ్ణి ఎత్తుకోవడానికి ఎవరినీ అడగరు. మందతో పోతుంటే వాడు నిద్రలేచి గడపలో నిలబడ్డాడట. తాత ఎత్తుకుని తన దారిన పోయాడు. అంతే.

తాతంటే ఊళ్లో అందరికీ హడల్. టీచరమ్మ మాత్రం తమ్ముణ్ణి గుంజుకుని గుండెకు హత్తుకుంది. "ఒక్క మాట చెప్తే నోట్లె ముత్యాలు రాల్తయా పెద్దయ్యా?" అని అరిచింది.

"నా మనుమడు. నిన్నెందుకు అడగాలె?"

"ఇంట్ల నీ మనుమడు. ఈడ ఉన్నంతసేపు నా బిడ్డ. నాకు చెప్పకుంట ఎవ్వరెత్తుకున్నా ఊకోను."

టీచరమ్మ కాలి వేళ్ల నుంచి రక్తం కారుతోంది. తాత ఆ కాళ్ల వంకే చూసి, తలపాగా తీశాడు. "తప్పయింది బిడ్డా" అన్నాడు. మా తాత నోట ఆ మాట నేను వినడం అదే మొదలు, అదే ఆఖరు.

ఇప్పుడు నేను మిర్యాలగూడలో ఉంటున్నా. మా పాప ప్లేస్కూల్లో రంగుల గోడలు, బోలెడు బొమ్మలు, కెమెరాలు... ఆఫీసులో కూర్చుని ఫోన్లోనే పాపను చూసుకుంటా. టీచర్లు మంచివాళ్లే. కానీ ఒకరికి అలవాటు పడేలోపే ఇంకొకరు వస్తారు.

నిన్న సాయంత్రం గేటు దగ్గర పాప పేరు చెప్పా. కొత్త టీచర్ నా మొహం వైపైనా చూడకుండా పాపను తెచ్చి చేతికిచ్చేసింది... పాపను ఎత్తుకుని కదల్లేక అక్కడే నిలబడిపోయా. ఆ పేరు ఇంకెవరైనా చెప్పి ఉంటే?

మీ పిల్లల బడిలో "నువ్వెవరు, నీకెందుకియ్యాలె?" అని అడ్డం నిలబడే టీచరమ్మ ఉందా... ఉంటే జర చెప్పండి.