ఆదివారం పచ్చబడిన ఉదయగిరి

దయ్యాల కబుర్లు చెప్పేవాళ్లను ఆటపట్టించడం నాకు చిన్నప్పటి నుంచీ సరదా. కంప్యూటర్ల పనిలో పడ్డాక అది ఇంకా ముదిరింది. వైరు ఉంటే దీపం వెలుగుతుంది, లేకపోతే లేదు. నా వేదాంతం అంతే. అందుకే ఈ సంగతి ఇంతకాలం ఎవరికీ చెప్పలేదు.

తొంభైల చివర్లో ఆత్మకూరులో ఒక ప్రైవేటు పాల డెయిరీలో పనిచేసేవాణ్ని. ఉదయగిరిలో, సీతారామపురంలో మా పాల కేంద్రాలుండేవి. అన్నిచోట్లా ఒక్కో కంప్యూటరు, వాటిని కలుపుతూ టెలిఫోను లైన్లు. లైను పడిపోయినా మాకు తెలిసేది కాదు. పాలు ఎన్ని వచ్చాయో తెలియక ట్యాంకరు ఊరికే వెళ్లొచ్చేది. ఆ నెట్‌వర్కును కనిపెట్టుకుని ఉండే సాఫ్ట్‌వేరు ఒకటి కొందామన్నాడు మేనేజరు. ఎంచే పని నా నెత్తిన పడింది.

రెండు కంపెనీలవాళ్లు నమూనాలు ఇచ్చి వెళ్లారు. రెండూ చేసేది ఒకటే. కాసేపటికోసారి ప్రతి కేంద్రంలోని కంప్యూటరును పలకరిస్తాయి. బదులొస్తే తెరమీద ఆ ఊరి పేరు పచ్చగా, రాకపోతే ఎర్రగా కనబడుతుంది. మొదటిది మోటుగా ఉంది. రెండోది బొమ్మలతో సొగసుగా ఉంది. నా మనసు రెండోదాని మీదే.

ఉదయగిరి కేంద్రం చూసే కరుణమ్మ ఎండలకు కంప్యూటరు ఆగిపోతోందని దాన్ని తీసుకెళ్లి పాల ప్యాకెట్లుంచే చల్లగదిలో పెట్టింది. "మనుషులమే తట్టుకోలేకుండాం సార్, అదెట్టా తట్టుకుంటాది?" అంది ఫోన్లో. తేమ పట్టి అది కాస్తా పాడైంది. ఒక శనివారం ట్యాంకరులో వేయించి ఆత్మకూరు తెప్పించాను.

మర్నాడు మధ్యాహ్నం ఆఫీసులో ఒక్కణ్నే కూర్చుని మొదటి సాఫ్ట్‌వేరు నడుపుతున్నాను. ఉదయగిరి ఎర్రగా ఉండాలి. అలాగే ఉంది. ఉన్నట్టుండి పచ్చబడింది.

మోటుది మోటు బుద్ధే చూపించిందనుకున్నాను. దాన్ని ఆపి రెండోది నడిపాను. అందులోనూ పచ్చే. ఉదయగిరి కంప్యూటరేమో మూత ఊడదీసి, ఒక్క వైరూ లేకుండా నా పక్క బల్లమీదే ఉంది.

కేంద్రానికి ఫోను చేస్తే ఎవరూ ఎత్తలేదు. ఆదివారం అక్కడివాళ్లంతా చర్చికి పోయి, సాయంత్రం పాల వేళకు గానీ రారు. అయినా మనసొప్పక, ఎదురుగా ఎస్టీడీ బూతు నడిపే ఖాదర్‌కు చేశాను. "ఏందన్నా, ఆదివారం గూడా నీకు పాల గోలేనా?" అని విసుక్కుంటూనే వెళ్లాడు.

కాసేపటికి అతనే తిరిగి ఫోను చేశాడు. "కరుణమ్మక్క చల్లగదిలో ఇరుక్కోనుండాదన్నా. వాకిలికాడ చెప్పులు చూసి గడియ తీసినాను. కాళ్లూ చేతులూ కొయ్యబారిపోయినాయి. ఆస్పత్రికి తీసకపోతా ఉండాం."

చర్చి నుంచి వస్తూ, చల్లగది మిషను ఆడుతోందో లేదో చూద్దామని లోపలికి వెళ్లిందట. వెనక తలుపు పడి బయటి గడియ దిగిపోయింది. లోపలి బల్బు ఎప్పుడో మాడిపోయింది. సాయంత్రం దాకా అలాగే ఉండుంటే దక్కేది కాదని డాక్టరు చెప్పాడట.

సోమవారం ఆమెను చూడటానికి వెళ్లాను. దుప్పటి కప్పుకుని కూర్చుని ఉంది. ప్రాణం కుదుటపడింది.

"మొదట శానా భయపడినాను సార్, అంతా చీకటి. అంతలో కంప్యూటరు వెలిగింది గదా! ఆ వెలుతురుకాడ కూర్చోని ప్రార్థన చేసుకుంటా ఉన్నాను. ఒక్క రాత్రిలోనే బాగుచేసి ట్యాంకర్లో పంపించినారు, మీ మేలు మర్చిపోను."

అది ఇంకా ఆత్మకూరులో నా పక్క బల్లమీదే ఉందని ఆమెకు చెప్పలేదు.

చివరికి, ముందుగా పచ్చ చూపించిన మొదటి సాఫ్ట్‌వేరే కొన్నాం. ఎందుకని మేనేజరు అడిగితే, రెండూ ఒకటే సార్ అన్నాను. తెరమీది పచ్చకు ఏదో కారణం చెప్పుకోవచ్చు, లైన్లు కలగాపులగమయ్యాయని. ఆ గదిలో ఆమె చూసిన వెలుతురుకు ఏం చెప్పుకోవాలో ఇప్పటికీ తెలియదు. ఆ ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ప్రతి ఆదివారం ఆఫీసుకు వెళ్లి తెర చూసేవాణ్ని. కేంద్రం మూసి, కంప్యూటరు ఆపి ఉండే ఆ వేళ ఉదయగిరి ఎర్రగానే కనబడితే, హమ్మయ్య అనుకుని ఇంటికొచ్చి అన్నం తినేవాణ్ని.