తొట్టి దగ్గర లెక్క

ముప్పై నాలుగేళ్లు బడిలో లెక్కలు చెప్పాను. ఎవరైనా దయ్యం మాట ఎత్తితే మూడు ప్రశ్నలు అడిగేదాన్ని. ఎవరు చూశారు, ఎన్ని గంటలకు, ఎంత దూరం నుంచి. మూడో ప్రశ్న దాకా నిలిచినవాళ్లు నాకు తగల్లేదు. ఇప్పుడు నేనే చెప్పవలసి వచ్చింది కాబట్టి ఆ మూడింటికీ ముందే జవాబిస్తాను. చూసింది నేను. ఉదయం ఏడు గంటలకు. మూడడుగుల దూరం నుంచి.

మాది పత్తికొండ. చెల్లెలు రత్న రాయచోటిలో ఉంటుంది. నాకు డెబ్భై ఒకటి, దానికి అరవై ఏడు. పోయిన చలికాలం దాని కూతురు మా ఇద్దరికీ అండమాన్‌కు టికెట్లు తీసింది. అక్కడ కళ్లకు అద్దం, నోట్లో గొట్టం పెట్టుకుని నీళ్ల మీద బోర్లా తేలుతూ కింద చేపలను చూస్తారు. స్నార్కెలింగ్ అంటారు. ఆ కోరిక రత్నది. దానికి మూలకారణం నేనే.

మా చిన్నప్పుడు చేను బావిలో ఆడపిల్లలకు ఈత నేర్పింది మా మేనత్త, ఓబులమ్మత్త. మొదటి పాఠం ఈత కాదు. బొప్పాయి ఆకు కాడ బోలుగా ఉంటుంది. దాన్ని కోసి, పాలు కారిపోయేలా కడిగి మా నోట్లో పెట్టేది. మొహం నీళ్లలో ముంచి, ఆ కాడతో గాలి పీల్చాలి. అంకెలు అత్త లెక్కపెట్టేది. గడువు అయ్యాక వేలి కణుపులతో వీపు మీద రెండుసార్లు తట్టేది. అప్పుడే తల ఎత్తాలి. రోజుకు అయిదంకెలు పెంచేది. నూరు నిండితే ఆ పిల్ల పాఠం ముగిసినట్టు.

నేను నూరు నిండించాను. మెట్టు మీద నుంచి కింద వెండి చేపలను చూశాను. రత్న నలభయ్యో అంకెకు వచ్చేసరికి ఆ ఎండాకాలం బావి ఎండిపోయింది. మళ్లీ ఊరలేదు. అత్త కూడా తర్వాత ముసలితనంతో పోయింది. అప్పటి నుంచి ఆ చేపల ముచ్చట నేను రత్నకు ఎన్నిసార్లు చెప్పానో నాకే లెక్క లేదు.

ప్రయాణానికి పదహారు రోజుల ముందు రత్న నా దగ్గరికి వచ్చింది. మా పెరట్లో సిమెంటు తొట్టి ఉంది. అందులో అభ్యాసం చేయిద్దామని నా ఆలోచన. షరతు ఒకటి పెట్టాను.

"నూరు సెకన్లు మొహం ముంచి పెట్టుకుంటేనే సముద్రంలోకి దిగేది. లేకుంటే గట్టున కూచో."

"నువ్వు ఉద్యోగం మానేసి పదమూడేండ్లయె. ఇంకా పరీచ్చలు పెడ్తానే ఉండావు," అంది రత్న.

మొదటి రోజు అది కొని తెచ్చుకున్న గొట్టం నోట్లో పెట్టుకుని, చిన్న పీట మీద మోకాళ్లూని, తొట్టి అంచు పట్టుకుని వంగింది. నీళ్లలో మొహం తప్ప ఏమీ మునగలేదు. నా ఎడమ చేతిలో గడియారం, కుడి చేతిలో పెన్సిలు. నేను పైకి లెక్కపెట్టలేదు. నలభై అయిదో సెకనుకు అది తల ఎత్తింది.

"ఏమక్కా, అప్పుడే తట్తివి?"

"నేనెందుకు తట్తానే? భయపడి లేచి, నా మీద చెప్తాండావా?"

నోటుపుస్తకంలో నలభై అయిదు అని రాసుకున్నాను. మరునాడు యాభైకి లేచింది. మళ్లీ నేనే తట్టానంది. మూడో రోజు యాభై అయిదు. నలభై తర్వాత అయిదేసి చొప్పున పెరిగిన మూడు అంకెలనూ ఒకదాని కింద ఒకటి చూసినప్పుడు నాకు అనుమానం వచ్చింది, దయ్యం మీద కాదు, రత్న మీద. అత్త పద్ధతి దీనికి గుర్తుంది, మనసులో లెక్కపెట్టుకుని నన్ను ఆట పట్టిస్తోంది అనుకున్నాను. అయిదేసి పెంచే సంగతి అప్పటి ఏడేళ్ల రత్నకు తెలియదని నా నమ్మకం. కానీ అరవై ఏళ్ల కిందటి విషయంలో నమ్మకం సాక్ష్యం కాదు.

నాలుగో రోజు దాని లెక్క చెడగొట్టాలని, అది మొహం ముంచగానే తొట్టి మీద వంగి "డెబ్భై, పన్నెండు, ముప్పై మూడు" అని గట్టిగా అరిచాను. సరిగ్గా అరవైకి లేచింది.

"నీకేమన్నా పిచ్చి పట్టెనా? పక్కింటోళ్లు చూస్తాండారు," అంది.

అయిదో రోజు కుళాయి రాలేదు. తొట్టిలో నీళ్లు చాలక మానుకున్నాం. ఆరో రోజు అది డెబ్భైకి లేస్తే రోజులు లెక్కపెడుతోందని పట్టుకునేదాన్ని. అరవై అయిదుకు లేచింది. ఎవరు లెక్కపెడుతున్నా రోజులను కాదు, పాఠాలను లెక్కపెడుతున్నారు.

ఆ రోజే దాని వీపు చూశాను. జాకెట్టు పొడిగా ఉంది, రెండు చోట్ల తప్ప. భుజాల ఎముకల మధ్య రూపాయి బిళ్లంత తడి మచ్చలు రెండు. నీళ్లు చింది పడితే ఇంకెక్కడైనా పడాలి కదా. నా చేతులు పొడిగా ఉన్నాయి. పుస్తకం కాగితం మీద ఒక్క చుక్క లేదు.

రత్నకూ నా మీద అనుమానం తగ్గలేదు. తొమ్మిదో రోజు రెండు స్టీలు గ్లాసులు అంచు దాకా నింపి నా రెండు చేతుల్లో పెట్టింది.

"గడియారం గోడ మీద పెట్టు. ఒక్క చుక్క ఒలికినా నువ్వే తట్టినట్ల."

"ఒలక్కుంటే?"

అది తొట్టి మీదికి వంగింది. ఎనభైకి లేచింది. తిరిగి ముందు నా గ్లాసులు చూసింది. తర్వాత నేల చూసింది. పొడినేల.

నేను లోపలికి వెళ్లి ఫోను తీశాను. టికెట్లు రద్దు చేయమని దాని కూతురికి చెప్పాలనుకున్నాను. నీళ్ల దగ్గర చెల్లెలి మీద ఏదో చెయ్యి వేస్తోంది. ఆ చెయ్యి మంచిదో చెడ్డదో నాకు తెలియదు. తెలియని దాన్ని నమ్మి రత్నను సముద్రంలో దింపలేను. రత్న వచ్చి ఫోను మీద చెయ్యి పెట్టింది.

"నువ్వు చూసినావు. అరవై ఏండ్లు చెప్తానే ఉండావు, వెండి చేపలు, వెండి చేపలని. నేను వింటానే ఉండా. నా కండ్లతో నేను ఒక్కసారి చూడాలక్కా."

"అది అత్తే అని యాడుండాది? ఇంకేదో అయితే?"

"ఇంకేదో అయితే మనకు ఈత నేర్పుతాదా?"

ఫోను పెట్టేశాను. మిగిలిన పాఠాలు కానిచ్చాం. ఎనభై అయిదు, తొంభై, తొంభై అయిదు.

పదమూడో రోజు, పన్నెండో పాఠం. నూరు నిండాలి. ఏమైనా జరిగితే ఈసారి చూడాలని దాని వీపు మీద నుంచి కళ్లు తిప్పలేదు. తొంభై దాటి ఉంటుందనిపించినప్పుడు సరిచూసుకుందామని గడియారం వైపు చూశాను. అంతే. నూరు నిండింది. తల ఎత్తేసరికి రత్న లేచి నిలబడి ఉంది. నేనే వేసిన కొప్పు విడిపోయి, జడ భుజం మీదికి జారి ఉంది.

"ఈసారి తట్టలేదక్కా," అంది. "జడ పట్టుకుని పైనుంచి కింది దాకా పిండె. మూడుసార్లు. పిండిన నీళ్లు ఎడమ పక్కకు ఇదిలించె. అట్లెందుకు చేసె?"

పీట మీద కూర్చున్నాను. నూరు నిండిన రోజు ఓబులమ్మత్త నాకు చేసింది అదే. జడ మూడుసార్లు పిండి, నీళ్లు ఎడమ పక్కకు విదిలించి, "పో, ఇంక బావి నీది" అంది. ఈ సంగతి నేను రత్నకు చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు. చేపలు గుర్తున్నాయి గానీ, ఇది నేనే మరిచిపోయాను.

తొట్టికి ఎడమ వైపు సిమెంటు మీద నీటి చుక్కలు వరసగా పడి ఉన్నాయి. లెక్కపెట్టాను. పదకొండు. రత్న తనే జడ పిండుకుని ఉండవచ్చు. బావి గట్టున ఆ రోజు నా పక్కనే ఉండి చూసి ఉండవచ్చు, మరిచిపోయి ఉండవచ్చు. ఈ రెండూ నేను కొట్టివేయలేను. తడి మచ్చలను, నిండు గ్లాసులను కూడా కొట్టివేయలేను.

అండమాన్ వెళ్లాం. రత్న ఇరవై మూడు నిమిషాలు సముద్రంలో మొహం ముంచి ఉంది. పక్కన చెయ్యి పట్టుకున్న గైడే అలిసిపోయాడు. పైకి వచ్చి అద్దం తీసి నన్ను చూసి నవ్వింది.

"నువ్వు చూసిందాంట్లో సగం కూడా చెప్పలేదే నాకు!"

తర్వాత నేను దిగాను. కింద పచ్చవి, నీలివి, చారలవి, లెక్కకు అందనన్ని. నేను చేపలను సరిగా చూడలేదు. మనసులో అంకెలు పెట్టుకుంటూ పోయాను. తొంభై ఎనిమిది, తొంభై తొమ్మిది, నూరు. వీపు బిగపట్టి ఆగాను. నూట ఇరవై దాకా ఆగాను.

ఏమీ తగల్లేదు. నా పాఠం ఎప్పుడో ముగిసింది కదా.

ఆ నోటుపుస్తకం నా దగ్గరే ఉంది. పన్నెండు అంకెలు, ఎదురుగా కారణం అని ఒక గడి గీసి పెట్టుకున్నాను. అందులో ఇప్పటికీ ఏమీ రాయలేదు.