యాన్యా తగ్గిన యాభై కిలోలు

మా బాలవాడి వంటగదిలో యాన్యా, నేను పంతొమ్మిదేళ్ళు కలిసి పనిచేశాం. ఆవిడ వంటమనిషి, నేను ఆవిడ చేతికింద మనిషిని. నూట నలభై మంది పిల్లలకు పొద్దున పాలు, పదింటికి పళ్ళు, మధ్యాహ్నం సూపు, కూర. యాన్యా పొయ్యి దగ్గర నిలబడితే ఆ గోడవైపు ఇంకొకరికి చోటుండేది కాదు. ఉప్పుడబ్బా కావాలంటే ఆవిడ వీపు తట్టి అడగాలి. నూట ముప్పై ఒక్క కిలోలు. ఆ లెక్క ఆవిడే చెప్పేది, దాపరికం లేకుండా. "ఈ చెప్పుల మీద ఇద్దరం నడుస్తున్నామే మాందా, అందుకే ఊరికే అరిగిపోతున్నాయి," అని నవ్వేది.

ఆవిడకు పద్దెనిమిదేళ్ళప్పుడు తల్లి పోయింది. తమ్ముడు పావోకు అప్పుడు ఆరేళ్ళు. తండ్రి అంతకు ముందే సరుకు పడవల మీద పనికని నది దిగువకు వెళ్ళి మళ్ళీ మా ఊరు ఓసియెక్ ముఖం చూడలేదు. తల్లిని పూడ్చిపెట్టి వచ్చిన రోజు ఇరుగుపొరుగు తెచ్చిన గిన్నెలన్నీ తనే ఖాళీ చేశానని ఒకసారి నాతో అంది. "పిల్లాణ్ణి పడుకోబెట్టి కూచున్నాను. తింటున్నంతసేపూ ఏడుపు రాలేదు. అదొక మందని ఆరోజు తెలిసింది."

పెళ్ళి చేసుకోలేదు. తమ్ముణ్ణి చదివించింది, రైల్వే మరమ్మతుల షెడ్డులో ఉద్యోగంలో పెట్టింది. వాడు శనివారాల్లో పెళ్ళిళ్ళకు తంబురిట్సా తీగవాద్యాల బృందంతో పోయి మనిషెత్తు బాస్ వాయించేవాడు. వాడికీ పెళ్ళి మీద ధ్యాస లేదు. ఇద్దరూ ద్రావా నది ఒడ్డున తల్లి వదిలిన ఇంట్లోనే ఉండేవారు. ఆదివారం ఆ ఇంటికెళ్తే మిరప్పొడితో ఎర్రగా కాగిన చేపల పులుసు, మధ్యలో కుండెడు నూడుల్స్, అటొకరు ఇటొకరు చేతులు మడిచి కూచుని ఉండేవారు. నన్ను చూసి పావో, "రా మాందక్కా, మా అక్క ఇవాళ కొంచెమే వండింది, తొమ్మిది మందికే," అనేవాడు.

ముప్పై ఎనిమిదో ఏట వాడి కాళ్ళు వాచాయి. తలనొప్పి తగ్గలేదు. ఆసుపత్రికెళ్తే రెండు కిడ్నీలూ పోయాయన్నారు. సోమ, బుధ, శుక్రవారాలు డయాలసిస్. చనిపోయినవాళ్ళ కిడ్నీ కోసం వరసలో పేరు రాశారు గానీ, వాడి రక్తం గ్రూపుకు ఆ వరస చాలా పొడుగు. యాన్యా ఆ మాట పూర్తిగా విననేలేదు. "వరసెందుకు, నేనున్నాను కదా?" అంది.

పరీక్షలకు రాజధాని జాగ్రెబ్ వెళ్ళినప్పుడు నేనూ తోడు వెళ్ళాను. అక్కడి డాక్టరమ్మ కాగితాలన్నీ చూసి తలెత్తింది.

"మీ కిడ్నీ చక్కగా సరిపోతుందమ్మా. కానీ ఈ బరువుతో ఉండగా మీ మీద కత్తి పెట్టలేను."

"నా సంగతి వదిలెయ్యండి డాక్టరమ్మా. వాడికి పెట్టండి చాలు."

"మీకేమన్నా అయితే అతణ్ణి ఎవరు చూసుకుంటారు? యాభై కిలోలు తగ్గి రండి. అప్పుడు మాట్లాడుకుందాం."

రైల్లో తిరిగొస్తూ యాన్యా దారిపొడుగునా కిటికీలోంచి బయటకే చూసింది. నేను కట్టుకొచ్చిన రొట్టె విప్పి చేతికిస్తే, తిని, తిన్నాక ఏడ్చింది.

ఆర్నెల్లు నోరు కట్టుకుంది. తొమ్మిది కిలోలు తగ్గింది. నవంబరులో పందులు కోసే రోజులొచ్చాయి. వీధంతా సాసేజీలు కూరుతూ, కొవ్వు ముక్కలు వేయిస్తూ ఉంటే ఆవిడ ఒక్కర్తీ ఎన్నాళ్ళని తలుపులేసుకుని కూచుంటుంది? క్రిస్మస్ దాటేసరికి తగ్గినవి తిరిగొచ్చాయి, పైన ఇంకో రెండు. పక్కింటి రేజా కంచె మీదినుంచి, "తమ్ముడంటే ప్రాణమంటావు, ఒక్క నోరు కట్టుకోలేవా?" అంది. యాన్యా ఆ మాట నాకు చెప్పేటప్పుడు కోపం లేదు. "నిజమే కదే. రేజా అన్నది నిజమే కదా," అంది. ఆ వారమే బరువు తగ్గించే ఆపరేషన్‌కు పేరు రాయించుకుంది.

పొట్టలో ముప్పాతిక వంతు కోసి తీసేస్తారట. మిగిలేది అరటికాయంత గొట్టం. అంతకు ముందు ఏడాదిపాటు పరీక్షలే. గొంతులోంచి గొట్టం వేసి చూశారు. నిద్రలో ఊపిరి ఆగుతోందని ముక్కుకు తొడుగు పెట్టుకుని పడుకోమన్నారు. మానసిక వైద్యురాలి సంతకం కూడా కావాలన్నారు. ఆ పిల్లకు పాతికేళ్ళుండవు. "మీరెందుకు తింటారు?" అని అడిగిందట. "ఉంటే తింటాను. లేకపోతే వండుకు తింటాను," అందట ఈవిడ. ఆ పిల్ల నవ్వకుండా అలాగే చూసేసరికి, తల్లి పోయిన నాటి గిన్నెల కథ చెప్పేసి బయటికొచ్చింది. సంతకం దొరికింది.

పావోకు ఇష్టం లేదు. ఒక సాయంత్రం వాళ్ళ వంటగదిలో నా ముందే గొడవ పడ్డారు.

"నా కోసం పొట్ట కోయించుకోమని నేనడిగానా అక్కా?"

"నువ్వు అడిగితేనే చేశానట్రా ఇన్నాళ్ళూ? ఆరేళ్ళప్పుడు అన్నం పెట్టమని అడిగావా?"

"నీకేమన్నా అయితే?"

"నాకేం కాదు. ఇంత ఒళ్ళు కోసుకుంటూ లోపలికెళ్ళేసరికి వాళ్ళకే విసుగొచ్చి కుట్టేస్తారు."

వాడు నవ్వలేదు. లేచి వెళ్ళి వాకిట్లో నిలబడ్డాడు. డయాలసిస్ మొదలయ్యాక వాడికి నవ్వు తక్కువైంది.

ఆపరేషన్‌కు రెండు వారాల ముందు నుంచి ఘనపదార్థం ఏదీ ముట్టకూడదు. కాలేయం పలచబడాలట. పొడి కలిపిన పాలు, వడకట్టిన చారు, అంతే. అలా ఉంటూనే నూట నలభై మందికి వండింది. ఉప్పు చూడటానికి గరిటె నా నోటికి అందించేది. "చాలా?" అని అడిగి, నేను మింగుతుంటే నా గొంతు వంక చూసేది. తొమ్మిదోరోజు పిల్లలు వదిలేసిన కంచాలు కడుగుతూ ఒక మాంసం ఉండ చేతిలోకి తీసుకుంది. చాలాసేపు పట్టుకుని నిలబడి, చెత్తడబ్బాలో వేసి, చేతులు సబ్బుతో మూడుసార్లు కడుక్కుంది.

జనవరిలో ఆపరేషన్ చేశారు. బాగా జరిగిందన్నారు. అయిదోరోజు జ్వరమొచ్చింది. కుట్టు దగ్గర కొద్దిగా తెగి, లోపలిది లోపలే కారుతోందట. ఇలా నూటికొకరికి అవుతుందని డాక్టరు ముందే చెప్పాడు, కాగితం మీద సంతకమూ పెట్టించుకున్నాడు. మళ్ళీ కోశారు. పక్కలోంచి గొట్టం పెట్టి నాలుగు వారాలు ఉంచేశారు. అదే ఆసుపత్రిలో కింది అంతస్తులో పావోకు డయాలసిస్. అయ్యాక చేతికి కట్టుతో, గోడ పట్టుకుంటూ పైకొచ్చి అక్క మంచం పక్కన కూచునేవాడు. ఎవరు ఎవర్ని చూడటానికి వచ్చారో తెలిసేది కాదు. నర్సు ఒకామె పొరపాటున పావోను మంచమెక్కించబోయింది కూడా.

ఇంటికొచ్చాక మొదలైంది అసలు కష్టం. ఒక పూటకు రెండు చెంచాలు, ఒక్కో చెంచాకూ నమలాల్సినంతసేపు నమలడం. మూడో చెంచా వేస్తే తిరిగొచ్చేది. నీళ్ళు గుక్కెడు కూడా ఒక్కసారి తాగకూడదు. ఏప్రిల్లో జుట్టు ఊడటం మొదలైంది. స్నానం చేసి దువ్వెన పట్టుకొచ్చి నాకు చూపించేది. చీటికీ మాటికీ ఏడ్చేది. నూనె కాగే వాసనకు వాంతులవుతున్నాయని బాలవాడిలో ఆవిణ్ణి కూరగాయల గదిలోకి మార్చారు, పొయ్యి నాకు అప్పగించారు.

ఆ ఇంటి ఆదివారాలు నేను మర్చిపోలేను. పావోకు రోజంతటికీ ఒక చిన్న సీసాడు నీళ్ళే. ఒంట్లో నీరు నిలిచిపోతుంది కదా, కొలుచుకుని తాగాలి. బల్లకు అటు తమ్ముడు సీసాలోంచి మూతెడు మూతెడు పెదాలకు తడుపుకునేవాడు. ఇటు అక్క పిల్లల చెంచాతో గుజ్జు నాకేది.

"నీకు తిండి లేదు, నాకు నీళ్ళు లేవు," అన్నాడు వాడొకసారి. "మనిద్దర్నీ పోషించటం ఎంత చవకో చూడు మాందక్కా."

యాన్యా నవ్వి, ఆ నవ్వుకే దగ్గొచ్చి, చెంచా పక్కన పెట్టేసింది. ఇంక ఆ పూట తినలేదు.

అక్టోబరుకు ఎనభై కిలోలకు వచ్చింది. చేతుల కింద, పొట్ట మీద చర్మం సంచుల్లా వేలాడింది. పాతబట్టలు మడిచి, పిన్నులు పెట్టి కట్టుకునేది. జాగ్రెబ్ డాక్టరమ్మ ఆవిణ్ణి గుర్తుపట్టలేదు. గుర్తుపట్టాక లేచి వచ్చి చేతులు పట్టుకుంది. "మీరు చేసి చూపించారమ్మా. ఇక ఈ బరువు మూడు నెలలు నిలకడగా ఉండాలి, అది చూసి పెట్టేద్దాం," అంది. ఫిబ్రవరి పదకొండు అని రాసిచ్చింది. యాన్యా ఆ కాగితం చేతిసంచిలో పెట్టుకుని, రైలెక్కేలోపు నాలుగుసార్లు తీసి చూసుకుంది.

జనవరి ఇరవై. సోమవారం పొద్దున ఆరున్నరకు డయాలసిస్ బండి వచ్చి వీధిలో హారన్ కొట్టింది. పావో రాలేదు. లేపుదామని యాన్యా తలుపు తీసింది. మంచం మీద కూచుని ఉన్నాడట, ఒక కాలికి మేజోడు తొడుక్కుని, రెండోది చేతిలో పట్టుకుని. "ఒరేయ్, బండొచ్చింది," అని భుజం మీద చెయ్యి వేసిందట. ఒరిగిపోయాడు.

శుక్రవారానికీ సోమవారానికీ మధ్య మిషను లేని రెండు రోజులుంటాయి, గుండె తట్టుకోలేకపోయింది, ఇలా అవుతుంటుంది అన్నాడు డాక్టరు. యాన్యా నమ్మలేదు. ఆ ఆదివారం వాడికి బంగాళదుంపలు వండింది. కిడ్నీ రోగులకు దుంపలు ముక్కలు కోసి ముందురోజే నానేసి, ఆ నీళ్ళు పారబోసి, ఉడికించి, మళ్ళీ పారబోసి పెట్టాలి. లేకపోతే అందులో ఉన్న పొటాషియం గుండె మీదికొస్తుంది.

"నానేశానే మాందా. రెండుసార్లు మార్చాను. రెండుసార్లే కదా? మూడోసారి మార్చానా?"

నాకెలా తెలుస్తుంది? "మార్చావక్కా," అన్నాను. అప్పటి నుంచి కొన్ని వందలసార్లు అడిగి ఉంటుంది. ప్రతిసారీ మార్చావనే చెప్పాను.

బృందంవాళ్ళు సమాధి దగ్గర వాయించారు, బాస్ లేకుండా. జనం వరసగా వచ్చి యాన్యా చెయ్యి పట్టుకున్నారు. చాలామంది ఆవిణ్ణి ఏడాదిగా చూడలేదు. "దేవుడు వాడికి శాంతినివ్వాలి," అని, గొంతు తగ్గించి, "ఎంత సన్నబడ్డావే! పదేళ్ళు చిన్నదానివైపోయావు," అనేవారు. రేజా అయితే భోజనాల దగ్గర పక్కనే చేరి, తన కోడలికి కావాలని, ఆపరేషన్ చేసిన డాక్టరు పేరు అడిగింది. యాన్యా పేరు చెప్పింది. ఏ రోజుల్లో చూస్తాడో కూడా చెప్పింది.

అందరూ వెళ్ళిపోయాక బల్ల మీద మాంసం, కాబేజీ ఉండలు, అక్రోటు పొడి చుట్టిన తీపి రొట్టెలు మిగిలాయి. నేను గిన్నెలు సర్దుతుంటే యాన్యా వచ్చి కూచుంది. కాబేజీ ఉండ ఒకటి నోట్లో పెట్టుకుంది, ఇంకొకటి. మూడోదానికి పరిగెత్తుకెళ్ళి పెరట్లో కక్కుకుంది. మూతి తుడుచుకుని వచ్చి మళ్ళీ కూచుంది, మళ్ళీ తిన్నది, మళ్ళీ పరిగెత్తింది. మూడోసారి నేను కంచం లాగేసుకున్నాను.

"పట్టట్లేదే," అంది, చంటిపిల్ల ఫిర్యాదు చేసినట్టు. "అమ్మ పోయినప్పుడు పట్టింది. ఇప్పుడేం చెయ్యాలే నేను?"

ఫిబ్రవరి పదకొండున నాకు చెప్పకుండా జాగ్రెబ్ వెళ్ళింది. డాక్టరమ్మ గది బయట పొద్దుటి నుంచి కూచుని, పిలిచాక, "నా కిడ్నీ ఇంకెవరికన్నా పెట్టండి," అందట. ఆవిడ చాలాసేపు మాట్లాడి, ఇప్పుడు కాదమ్మా, ముందు దుఃఖం తీరనివ్వండి అని పంపించేసింది. ఆ తర్వాత యాన్యా ఆ ఊసెత్తలేదు.

ఆవిడ చిన్న పొట్టకు తిండి పట్టదు గానీ సారా పడుతుంది. ప్లమ్ పళ్ళ సారా చిన్న గ్లాసుడు, దానికి చోటు అక్కర్లేదు. పైగా ఆ ఆపరేషన్ అయినవాళ్ళకు అది నెత్తురులోకి తొందరగా ఎక్కుతుందట. నేను ఆర్నెల్లు కనిపెట్టలేదు. కూరగాయల గదిలో కత్తి జారి వేలు తెగిన రోజు కట్టు కడుతుంటే నోటి వాసన తెలిసింది.

"ఎప్పట్నుంచి అక్కా?"

"కేకలెయ్యకు. పిల్లలు వింటారు."

కేకలెయ్యలేదు. ఎవరికీ చెప్పలేదు కూడా. అది నా తప్పు. ఇంకో ఏడాదికి సూపర్వైజరే చూసింది. పిల్లలున్న చోట కుదరదని సెలవు మీద పంపించారు, తర్వాత ముందస్తు పింఛను ఇచ్చి ఇంట్లో కూచోబెట్టారు. రెండుసార్లు తాగుడు మాన్పించే ఆసుపత్రిలో చేర్చాను. మొదటిసారి నాలుగు నెలలు నిలబడింది. రెండోసారి బస్టాండు నుంచి ఇంటికి చేరేలోపే తాగింది.

ఇప్పుడు అరవై ఒక్క కిలోలు. శనివారాలు నేను సూపు తీసుకెళ్తాను. రెండు మూడు చెంచాలు తాగి, "బాగుంది, ఉప్పు సరిపోయింది," అంటుంది. కొన్ని శనివారాలు తలుపు తియ్యదు. గిన్నె గడపలో పెట్టి వచ్చేస్తాను.

మొన్న మేలో ఆరోగ్య బీమా నుంచి ఉత్తరం వచ్చింది. పావో బతికి ఉండగా ఎప్పుడో, వేలాడే చర్మం తీయించుకుందామని పెట్టుకున్న దరఖాస్తు. ఇన్నాళ్ళకు మంజూరైంది, ఫలానా తేదీన రమ్మన్నారు. ఆ రోజు యాన్యా తాగి లేదు. రెండుసార్లు చదివింది. "ఒప్పుకో అక్కా," అన్నాను. "ఒరుసుకుపోయి పుండ్లు పడుతున్నాయి కదా. ఆ బాధైనా తప్పుతుంది."

యాన్యా కలం తీసి, కింద గళ్ళలో 'అవసరం లేదు' అన్నదాని ఎదురుగా గీత గీసి సంతకం పెట్టింది. కవరు నాలికతో తడిపి అంటించి నా చేతికిచ్చింది.

"పోతూ పోతూ పోస్టులో పడెయ్యి," అంది.

మూడు రోజులు సంచిలోనే ఉంచుకున్నాను, మనసు మార్చుకుంటుందేమోనని. నాలుగో రోజు ఫోను చేసి అడిగాను.

"ఇంకా వెయ్యలేదా?" అంది విసుగ్గా, ఫోను పెట్టేసింది. వెళ్ళి పోస్టు డబ్బాలో వేసి వచ్చాను.