బుగ్గ మీద నలుపు

ఆ ఇంటి కోడళ్లిద్దరూ ఒకే మ్యూజియంలో, ఒకే బల్ల దగ్గర పనిచేసేవారు. పాత చిత్రాల్లో రంగు ఊడిన చోట రంగు దిద్దడం వాళ్ల పని. పెద్దకోడలు ముందు చేరింది, చిన్నకోడలికి కుంచె పట్టడం నేర్పింది. అక్కడితో ఆగితే బాగుండేది. ఇరవై ఏళ్లుగా మ్యూజియంలో ఏ పని బాగున్నా "పెద్దావిడ చెయ్యి మరి" అనేవారు. ఇంట్లో కూర కుదిరినా అదే మాట. చిన్నకోడలు పైకి నవ్వేది గానీ, లోపల కుళ్లుకునేది.

ఆమె గర్వపడేది ఒక్కదానికే. నిమ్మకాయ పట్టుకున్న ఆడమనిషి చిత్రం ఒకటుంది, మూడు వందల ఏళ్ల నాటిది. ఆ మనిషి వెనక వేలాడే తెర పెద్దకోడలు దిద్దింది, బుగ్గ చిన్నకోడలు దిద్దింది. చూసేవాళ్లంతా, ఎవరు దిద్దారో తెలియకపోయినా, బుగ్గ దగ్గరే ఆగిపోయేవారు. నిజానికి అక్కడ ఊడింది గోరంత. రంగు కలవక ఆమె ఇంకాస్త, ఇంకాస్త అంటూ బుగ్గంతా పూసేసింది. మెప్పుల మధ్య ఆ సంగతే మరిచిపోయింది.

ఈ ఏడాది మ్యూజియంలో చిత్రాలన్నిటినీ కంప్యూటర్లోకి ఎక్కిస్తున్నారు, ఎవరైనా ఇంట్లో కూర్చుని పెద్దవి చేసుకుని చూడొచ్చు. ఫొటోలు తీసే అమ్మాయి అతినీలలోహిత దీపం తెచ్చింది. ఆ వెలుగులో తర్వాత దిద్దిన రంగు నల్లగా కనబడుతుందట. అక్క తప్పులు బయటపడతాయని చిన్నకోడలు అందరికంటే ముందే వచ్చి నిలబడింది.

కంప్యూటర్ తెర మీద నిమ్మకాయ మనిషి చిత్రం వచ్చింది. పెద్దకోడలు దిద్దిన చోట సూదిమొనంత చుక్కలు. బుగ్గ మాత్రం మసి పూసినట్టుంది.

"అసలు రంగు మీద ఇంత పూసిందెవరు? ఆ చేతికి ఇంకో చిత్రం ఇవ్వకూడదు," అన్నాడు పక్కనే నిలబడి చూస్తున్న మ్యూజియం డైరెక్టర్.

చిన్నకోడలు ఒక అడుగు వెనక్కి వేసింది.

"నేనేనండీ. అప్పుడు తొందరపడ్డాను," అంది పెద్దకోడలు.

డైరెక్టర్ మెత్తబడ్డాడు. "మీరా? దాచకుండా చెప్పారు. అంత మనసు ఎంతమందికి ఉంటుంది లెండి."

అందరూ ఆవిడ వైపే చూస్తున్నారు, కళ్లలో గౌరవంతో. చిన్నకోడలు బతికిపోయింది, ఊపిరి పీల్చుకోవాలి. కానీ ఒళ్లంతా భగ్గుమంది. చివరికి ఈ తప్పు కూడా ఆవిడకే గొప్పయిపోయింది.

"అక్క అబద్ధం చెబుతోందండీ," అంది. "అది నేను పూసింది."

"ఎంత మేర?" అడిగాడు డైరెక్టర్.

"మొత్తం. అందులో ఒక్క చుక్క కూడా ఆవిడది కాదు."