ఉప్పు చంద్రుడి మీద రెండు నిమిషాలు

“నెవిల్ నాయనా, నువ్వసలు ఆ నాటకం మొత్తం ఎప్పుడైనా విన్నావా?”

అడిగింది ఐరిస్ మేచిన్. స్టోక్ ఊళ్ళో, హాన్లీ పేటలో, ఒక పబ్బు మేడ మీద గదిలో, 2004 మార్చి మొదటి శనివారం మధ్యాహ్నం, పదకొండు మంది ముందు అడిగింది. అడిగించుకున్న నెవిల్ బ్లూర్ ఆ ఒక్క నాటకం గురించే ఇరవై ఎనిమిదేళ్ళుగా రాస్తున్నవాడు. పెళ్ళి పీటల ముందు కూర్చున్న పురోహితుణ్ణి మంత్రాలు వచ్చా అని అడిగినట్టయింది.

అభిమానం అంటే స్వచ్ఛమైన ప్రేమ అని రాసేవాళ్ళు ఒక్కసారి ఆ గదికి రావాల్సింది. అది రేడియోలో వచ్చే సైన్స్ ఫిక్షన్ నాటకాల అభిమానుల సంఘం. నెలకోసారి కలిసేవాళ్ళం. పాత క్యాసెట్లు వినేవాళ్ళం, కొత్త సీడీలు వినేవాళ్ళం, విన్నవాటి మీద సంఘం పత్రికలో అభిప్రాయాలు రాసుకునేవాళ్ళం. అందరూ ఒకే నాటకాన్ని ప్రేమిస్తారు. ఇంకొకడు తనకంటే ఎక్కువ ప్రేమిస్తే మాత్రం ఎవరూ ఓర్చుకోరు.

నెవిల్ టైల్స్ ఫ్యాక్టరీలో బట్టీ దగ్గర పనిచేసేవాడు. 1976లో అతనికి పందొమ్మిదేళ్ళు. ఆ ఏడాది రేడియోలో ‘ఉప్పు చంద్రుడు’ అని ఏడు భాగాల నాటకం వచ్చింది. ఒక ఉపగ్రహం మీద ఉప్పు తవ్వుకునే జనం, వాళ్ళని వెనక్కి తీసుకెళ్ళడానికి వచ్చిన ఒకే ఒక్క ఓడ. ఏడో భాగం వచ్చిన రోజు నెవిల్‌కి సాయంత్రం డ్యూటీ పడింది. రికార్డు చేసే పని వాళ్ళ అమ్మ ఎడ్నాకి అప్పజెప్పాడు. రేడియో ముందు మైకు పెట్టడం, ఎర్ర బొత్తాం నొక్కడం, నలభై ఐదు నిమిషాలకి ఒక పక్క అయిపోగానే క్యాసెట్ తిప్పెయ్యడం. అంతే పని.

“టక్కున తిప్పావా అమ్మా?” అని అడిగాడు ఇంటికొచ్చి.

“టక్కున తిప్పా,” అంది ఎడ్నా.

తల్లి మాట నమ్మాడు. రెండు పక్కలనీ ఒకే పొడుగు టేపు మీదకి అతుకు తెలియకుండా ఎక్కించాడు. తర్వాత రేడియోవాళ్ళు ఆ ఏడో భాగం టేపు మీద ఇంకేదో ఎక్కించుకున్నారు, అసలుది పోయింది. లోకంలో మిగిలింది నెవిల్ టేపు, దాని కాపీలు. మా సంఘం మొత్తం ఆ కాపీలు వింటూ పెరిగిందే.

అందులో చివరికొచ్చేసరికి మైరా అనే ఉప్పు గని పిల్ల అడుగుతుంది: “భూమి ఇంకా ఉందా, కెప్టెన్?” కెప్టెన్ మాట్లాడడు. టక్‌మని నిశ్శబ్దం. వెంటనే ఓడ తలుపు తెరుచుకున్న చప్పుడు. ఈ ఘట్టం మీద నెవిల్ ‘జవాబు లేదు’ అని ఆరు పేజీల వ్యాసం రాశాడు. చెప్పకపోవడమే చెప్పడం అన్నాడు. ఆ రచయిత ధైర్యం ముందు మిగతా రేడియో నాటకాలన్నీ వాగుడుకాయలన్నాడు. మంచి వ్యాసమే, నేనూ మెచ్చుకున్నాను. మా సంఘంవాళ్ళు సొంతంగా రికార్డు చేసుకున్న నాటకాల్లో కూడా ముఖ్యమైన ప్రశ్న అడగ్గానే తలుపు చప్పుడు పెట్టేవాళ్ళు. తొమ్మిది నాటకాల్లో తొమ్మిది తలుపులు.

ఇంకో ఆచారం కూడా ఆ టేపు నుంచే వచ్చింది. నాటకం అయిపోయాక ఎడ్నా వెంటనే ఆపలేదు. దాంతో తర్వాత వచ్చిన తుఫాను హెచ్చరిక కూడా టేపు మీదకి ఎక్కింది. “ఐరిష్ సముద్రంలో నౌకలకి హెచ్చరిక. నైరుతి నుంచి తీవ్రమైన ఈదురుగాలి. త్వరలోనే.” ఎప్పుడు ఏడో భాగం విన్నా, చివర ఆ మూడు ముక్కలూ అందరం గ్లాసులెత్తి గట్టిగా చదవాలి. మొదలుపెట్టే హక్కు నెవిల్‌ది. గొంతు సవరించుకుని మొదలుపెట్టేవాడు.

ఇలా రాజ్యం నడుస్తుండగా 2002 శరదృతువులో ఐరిస్ వచ్చింది. అరవై ఆరేళ్ళావిడ, చేతిలో కూరగాయల సంచి. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ముప్ఫై ఒక్క ఏళ్ళు పనిచేసి రిటైరైంది. ఇలాంటి సంఘం ఒకటుందని అంతవరకూ తెలియదట. తెలిసుంటే ఎప్పుడో వచ్చేదట. మొదటి నెలే పత్రికలో నాలుగు వాక్యాలు రాసింది: “మూడో భాగంలో గ్రహాంతర జీవి గొంతు మా ఆయన పొద్దున్నే పుక్కిలించినట్టుంది. అయినా భయపడ్డాను. డాక్టరూ, వంటవాడూ, శత్రువు సేనాధిపతీ ముగ్గురూ ఒకడే మనిషి. డబ్బులు ఒక్కడికే ఇచ్చి ఉంటారు, పాపం.”

అందరం టేపు పెట్టి చూశాం. నిజమే, ముగ్గురూ ఒకడే. మనుషుల గొంతులు కలిపీ విడదీసీ బతికిన మనిషికి ఆ మాత్రం తెలియదా? కానీ నెవిల్ ఆ భాగాన్ని రెండు వందల సార్లు విన్నవాడు. అతనికి ఎప్పుడూ తట్టలేదు.

అప్పటి నుంచి నెవిల్‌కి ఐరిస్ పేరంటేనే గిట్టేది కాదు. పత్రిక చేతికి రాగానే జనం మొట్టమొదట ఏ పేజీ తిప్పుతున్నారో ఓరగా చూసేవాడు. ఐరిస్ పేజీయే. ఆమె వాక్యాలు లెక్కపెట్టేవాడు. “నాలుగు వాక్యాలు రాస్తే విమర్శ అవుతుందా?” అని నాతో ఫోన్లో ముప్పావుగంట వాదించాడు. ఒకసారి తనూ పొట్టిగా రాద్దామని కూర్చుని ఐదు పేజీల దగ్గర ఆగాడు. ఆమె తెచ్చే అల్లం కేకు తినేవాడు కాదు. అందరూ వెళ్ళిపోయాక మిగిలిన ముక్క కాగితంలో చుట్టుకుని వాళ్ళ అమ్మకని పట్టుకెళ్ళేవాడు.

2004 జనవరిలో సంఘం కార్యదర్శి గ్లెన్‌కి ఉత్తరం వచ్చింది. వుల్వర్‌హాంప్టన్‌లో రెండు గదుల్లో నడిచే ఒక కంపెనీ ‘ఉప్పు చంద్రుడు’ని సీడీలుగా తెస్తుందట. ఆరు భాగాలు దొరికాయి, ఏడోది మీ దగ్గరుందట కదా, ఇస్తారా? అట్ట లోపల వేయడానికి ముందుమాట కూడా కావాలి.

టేపు ఎవరిదో ముందుమాటా వాళ్ళదే. నెవిల్ ‘జవాబు లేదు’ని తిరగరాశాడు, కొత్త చొక్కా కొన్నాడు. మూడు దశాబ్దాలుగా ఫోటోకాపీ కాగితాల మీద వెలిసిపోయిన పేరు మొదటిసారి నిజమైన అచ్చులో పడబోతోంది. అది తప్ప ఆ మనిషికి లోకంలో ఇంకేమీ అక్కర్లేదు. మార్చి సమావేశంలో నిలబడి ఆ వ్యాసం చదివాడు. “జవాబు లేదు” దగ్గరికొచ్చి, వ్యాసంలో చెప్పినట్టే, ఆగాడు.

ఆ ఆగిన చోట ఐరిస్ తన ప్రశ్న అడిగింది.

“నేను ఇరవై ఎనిమిదేళ్ళుగా వింటున్నానండీ ఐరిస్ గారూ. తమరు ఎక్స్ఛేంజిలో రాంగ్ నంబర్లు కలుపుతున్నప్పటి నుంచీ.”

“అయితే మరి కెప్టెన్ ఏడుపు ఏమైంది?”

“ఏం ఏడుపు?”

“రెండు నిమిషాలు ఏడుస్తాడుగా. భూమి లేదు, ఎప్పుడో పోయింది అంటాడు. ఇంక అక్కణ్ణుంచి వాళ్ళ నాన్న పెరట్లో ఉల్లిపాయలూ, వసంతంలో పూలూ, వానలో తడిసిన కుక్కా…”

“కుక్క కూడానా?” అన్నాడు గ్లెన్.

“కుక్క పేరు కూడా చెప్తాడు నాయనా. బిస్కెట్.”

గదంతా నవ్వింది.

“మా తమ్ముడు రేడియోలు బాగుచేసేవాడు,” అంది ఐరిస్. “ఆ ఏడో భాగాన్ని రేడియోకే వైరు తగిలించి పెద్ద చక్రాల టేపు మీద పట్టాడు. తిప్పే పని లేదు, మూడు గంటలు దానంతటదే తిరుగుద్ది. అటక మీదుంది. వచ్చే నెల తెస్తాలే.”

నెవిల్ నేరుగా ఇంటికెళ్ళాడు. ఎడ్నా వంటింట్లో, చీజు పెట్టి మడిచిన ఓట్స్ అట్టు తింటోంది. ఆ సంభాషణ ఎడ్నాయే నాకు తర్వాత చెప్పింది, రెండు గొంతులతోనూ.

“అమ్మా, డెబ్భై ఆరులో క్యాసెట్ టక్కున తిప్పానన్నావు.”

“తిప్పానుగా.”

“ఎంత టక్కున?”

“చిప్స్ మాడిపోతున్నాయిరా. బాణలి దించి, నూనె వంచి, చెయ్యి కడుక్కుని… ఎంతసేపు? రెండు నిమిషాలు. నూనె అంటుకుంటే ఇల్లు పోయేది.”

“నాకెందుకు చెప్పలేదు?”

“చెబుదామనుకునే లోపే నువ్వు విని, ఆహా ఓహో అని గెంతావు. ఇంతలో ముప్ఫై మందికి కాపీలు తీశావు. ఇంకేం చెప్పను? అయినా ఏం పోయిందట?”

“ఉల్లిపాయలు,” అన్నాడట నెవిల్.

అక్కడితో ఒప్పుకుంటే ఈ కథ లేదు. తప్పు బయటపడటం అతన్ని అంత బాధపెట్టలేదు. దాన్ని బయటపెట్టే మనిషి ఐరిస్ కావడం, తన ముందుమాట చోట ఆమె నాలుగు వాక్యాలు పడటం, అది భరించలేకపోయాడు. ఆ రాత్రే కంపెనీకి ఉత్తరం రాశాడు. టేపూ వ్యాసమూ జత చేశాడు. ‘ఐరిస్ మేచిన్ అనే ఆవిడ ఇంకో టేపు పంపవచ్చు, అది అసలుది కాదు. మరుసటి ఏడాది విదేశీ శ్రోతల కోసం మళ్ళీ తీసినప్పుడు ఏడుపు ప్రసంగం ఒకటి అతికించారు, ఆమె దగ్గరున్నది అది’ అని రాశాడు. అలాంటి ప్రసారం ఒకటి జరిగిందని అతనికి తెలియదు. జరగలేదని తెలిసినవాళ్ళూ ఎవరూ లేరు.

ఏప్రిల్ సమావేశానికి ఐరిస్ తమ్ముడి పాత మిషన్‌ని ఇద్దరు మోసుకొచ్చారు. టేపు తిరిగింది. మాకు కంఠతా వచ్చిన మాటలే, కానీ కిటికీ తుడిచినట్టు ఎంత స్పష్టంగా ఉన్నాయో! మైరా అడిగింది. తలుపు చప్పుడు రాలేదు. కెప్టెన్ మొదలుపెట్టాడు. ఉల్లిపాయలు వచ్చాయి. పూలు వచ్చాయి. కుక్క రాగానే వెనక ఎవరో కిసుక్కున నవ్వారు.

“సోది,” అన్నాడు గ్లెన్ మెల్లగా.

“సోదే,” అంది ఐరిస్. “కానీ రాసింది అదే.”

నెవిల్‌కి ప్రాణం లేచొచ్చింది. “చూశారా! ఇది ఆ రచయిత రాసేదేనా? విదేశాలవాళ్ళ కోసం తర్వాత అతికించిందిది. వాళ్ళకి అన్నీ విప్పి చెప్పాలి కదా. అసలు ప్రసారంలో ఇది లేదు.”

జనం తలలూపారు. నేనూ ఊపాను. తొమ్మిది తలుపులు పెట్టుకున్నవాళ్ళం, ఆ నిశ్శబ్దం నిజం కావాలని మాకూ ఉంది. ఐరిస్ మిషన్ ఆపలేదు. ఓడ బయల్దేరింది. సంగీతం వచ్చి తగ్గిపోయింది.

అప్పుడు అలవాటు కొద్దీ నెవిల్ గ్లాసు ఎత్తాడు. గొంతు సవరించుకున్నాడు.

“ఐరిష్ సముద్రంలో నౌకలకి హెచ్చరిక!”

టేపులో అనౌన్సరూ అదే క్షణంలో అదే మాట మొదలుపెట్టాడు. అందరం అందుకున్నాం. “నైరుతి నుంచి…” దగ్గర గ్లెన్ ఆగిపోయాడు. తర్వాత నేను ఆగాను. ఒక్కొక్కళ్ళే గ్లాసులు దించారు. అది 1976లో ఏడో భాగం వచ్చిన ఆ సాయంత్రం చదివిన హెచ్చరిక. అదే మాట, అదే గొంతు, ‘తీవ్రమైన’ దగ్గర అదే దగ్గు. రెండు టేపులూ ఒకే గంటలో పట్టినవి. చివరి “త్వరలోనే” నెవిల్ ఒక్కడే అన్నాడు.

“విదేశాల్లో కూడా ఐరిష్ సముద్రమే ఉంటదా నాయనా?” అంది ఐరిస్.

సోమవారం గ్లెన్ కంపెనీకి ఫోన్ చేశాడు.

సీడీలు సెప్టెంబరులో వచ్చాయి. ఏడో భాగం ఐరిస్ టేపు నుంచి తీశారు. ముందుమాట ఐరిస్‌ది, పది వాక్యాలు. చివరివి ఇవి: “ఇరవై ఎనిమిదేళ్ళు మా సంఘం ఈ నాటకాన్ని రెండు నిమిషాలు తక్కువగా విన్నది. కెప్టెన్ ప్రసంగం ఇప్పుడు తిరిగొచ్చింది, దాచుకోండి. కానీ రెండూ విన్నదాన్ని కాబట్టి చెబుతున్నాను, శ్రీమతి ఎడ్నా బ్లూర్ చిప్స్ వేయిస్తూ చేసిన కత్తిరింపే నయం.” అట్ట వెనక కృతజ్ఞతల్లో పేర్లు రెండే. ఐరిస్ తమ్ముడిది, ఎడ్నాది.

ఎడ్నాకి ఫోన్ చేసి సంగతంతా రాబట్టింది ఐరిసే. ఇప్పుడు ఇద్దరూ ప్రతి ఆదివారం మాట్లాడుకుంటారు. ఎడ్నా ఆ అట్టని పాలవాడికి చూపించింది, పాదాల డాక్టరుకి చూపించింది, వీధిలో రెండు పక్కలా చూపించింది.

“ముప్ఫై ఏళ్ళు రాశాను,” అన్నాడు నెవిల్ నాతో. “ఒక్క ముక్క వెయ్యలేదు. బాణలి దించిన మనిషి పేరు వేశారు. మా అమ్మకి ఆ నాటకం అంటేనే పడదు, తెలుసా? ఉప్పు కోసం చంద్రుడి దాకా ఎందుకురా అంటుంది.” పొగిడింది తన తల్లినే అని నేను గుర్తు చేస్తే, “అదేగా నా బాధ,” అన్నాడు.

ఆదివారం ఫోన్ మోగగానే పక్క గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంటాడు. సీడీ పెడతాడు. మైరా ప్రశ్న అడగ్గానే సౌండు పూర్తిగా తగ్గించేసి, వాచీ చూసుకుంటూ నూట పది సెకన్లు కూర్చుంటాడు. తలుపు చప్పుడుకి సరిగ్గా ముందు మళ్ళీ పెంచుతాడు.

సంఘం సభ్యులకి సీడీలన్నీ ఒకేసారి తెప్పించి, కంపెనీకి ముందుగా డబ్బు కట్టింది ఐరిస్. పోస్టు ఖర్చుతో కలిపి తలా పదమూడు పౌండ్లు. నెవిల్ ఇంకా ఇవ్వలేదు.