నాలో దయ్యం లేదని మందిరంలో చెప్పిన రోజు

ప్రభువు నామంలో మీ అందరికీ వందనాలు సహోదరులారా, సహోదరీలారా. ఇందాక పెద్దలొకరు నన్ను పక్కకు పిలిచి, కడుపునొప్పి నయమైందని చెప్పు, చాలు అన్నారు. నాది కడుపునొప్పి కాదు, దేవుని మందిరంలో నిలబడి నేను అబద్ధం చెప్పను. మూడో కాన్పు తరువాత మూడేళ్లపాటు మా ఆయన మీద నాకు కోరికన్నది లేకపోయింది, ఆయన దగ్గరకు వస్తే నా ఒళ్లు కట్టెలా బిగుసుకుపోయేది. వినడానికి కష్టంగా ఉన్నవాళ్లు తల వంచుకోండి, చెవులు మాత్రం మూసుకోకండి.

ఆ మూడో ఏడు, అంటే ఎమర్జెన్సీ ఎత్తేసిన మరుసటి ఏడు, జరిగింది చెబుతాను. కొత్తవాడలో మా ఆయన రాజరత్నం నేల మీద పరిచే జంపఖానాలు నేసేవాడు, నేను పొద్దంతా రాట్నం ముందు కూర్చుని మగ్గానికి నూలు కండెలు చుట్టేదాన్ని, లేచి నిలబడితే కళ్లు తిరిగేవి. ఆయన మంచివాడే, ఒక్కనాడు చేయి ఎత్తలేదు, కానీ ఏమైందని ఒక్కనాడు అడగనూ లేదు. అడగడానికి ఆయనకు నోరు రాలేదు, చెప్పడానికి నాకు రాలేదు.

మన శుక్రవారం ఉపవాస కూడికకు విన్నపాలు చీటీల మీద రాసి పెట్టెలో వేస్తాం కదా. శుక్రవారం మగ్గం దిగని మా ఆయనకు, ఆ చీటీలు అందరి ముందూ చదువుతారని తెలియదు. పాస్టరు అయ్యగారొక్కరే చూసుకుంటారనుకుని, "నా భార్యకు నా మీద మనసు లేదు, ప్రార్థించండి" అని రాసి కింద పేరు కూడా పెట్టాడు. అయ్యగారు పేరుతో సహా చదివేశారు. పెద్దలు నా తల మీద చేతులు పెట్టి, ఇది కాపురాలు కూల్చే దయ్యమని తేల్చారు. మా అత్తమ్మ అక్కడే అన్నది: "మూడు శుక్రవారాలు చూస్త. మారకుంటె పరకాలకు, తల్లిగారింటికి తోలిస్త. పిల్లలు మాత్రం ఈడనే ఉంటరు."

రెండు శుక్రవారాలు పెద్దలు దయ్యాన్ని పొమ్మని గద్దిస్తుంటే మోకాళ్ల మీద ఉన్నాను. మూడో శుక్రవారం మా ఆయన కూడా వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. నా పిల్లల్ని పోగొట్టుకోవడం కన్నా పెద్ద భయం ఇంకేముందనిపించి, నాకు మనుషుల భయం పోయింది, లేచి కళ్లు తెరిచే ప్రార్థించాను: "ప్రభువా, నాలో దయ్యం లేదు. నాకు నొప్పి ఉన్నది. నీకు తెలుసు, వీళ్లకు తెల్వదు. వీళ్లకు గూడ తెలిపియ్యి."

ఊరూరా తిరిగి వాక్యం చెప్పే ఎస్తేరమ్మ ముందుకొచ్చి నా చేయి పట్టుకుంది. "అయ్యగారూ, ఈ పిల్లను దవాఖానకు తోల్కపోవాలె," అన్నది. మరునాడు డాక్టరమ్మ చూసి, కాన్పులో చిరిగిన చోటు సరిగా మానలేదని చెప్పింది. "ఒంట్ల నెత్తురు లేదు, మళ్లొక కాన్పు అయితదని భయం. నొప్పి అయ్యే కాడికి మనసెట్ల పోతది బిడ్డా?" అన్నది. ఆ మాటకు నేను ఏడ్చాను. నా వెంట వచ్చిన మా ఆయన దవాఖాన వరండాలోనే మోకరించి, "ప్రభువా, నీకు చెప్పిన, సంఘానికి చెప్పిన, ఈమెను మాత్రం అడగలె. నన్ను క్షమించు," అన్నాడు.

ప్రార్థన దండగని నేననడం లేదు సహోదరులారా, నాకు నోరిచ్చినవాడూ, ఆ దవాఖాన గుమ్మం దాకా నడిపించినవాడూ ప్రభువే. మందులు వాడాను, రాట్నం పని సగం మా ఆయన పంచుకున్నాడు, వద్దన్నప్పుడు దూరంగా ఉన్నాడు. ఆరేడు నెలలకు ఒక మధ్యాహ్నం, పెద్దపిల్లలు బడికి పోయి, చిన్నపిల్ల నిద్రపోయాక, మగ్గం మీద వంగిన ఆయన మెడను చూస్తే నాకే దగ్గరకు పోవాలనిపించింది. పోయాను. అందుకు కూడా నేను దేవునికి స్తోత్రం చెప్పాను, ఎవరేమనుకున్నా సరే.

నా దేహాన్ని చేసినందుకు దేవుడు సిగ్గుపడలేదు, దాని గురించి ఆయన మందిరంలో చెప్పడానికి నేనెందుకు సిగ్గుపడాలి? అక్కలారా, చెల్లెళ్లారా, ఆయనను నమ్మి నోరు తెరవండి. అన్నలారా, మీరు ఇంటికి పోయి భార్యను అడగండి, అడిగి ఆమె చెప్పేదాకా ఆగండి. దేవునికే మహిమ.