తలుపు పక్కన మేకు

మొన్న ఆదివారం కుప్పం నుంచి మా మేనకోడలు వచ్చింది. అక్కడ ఒక స్వచ్ఛంద సంస్థలో, ఆడవాళ్ల సంఘాలతో దాని పని. చెప్పులైనా విప్పకుండా మంచం మీద వాలిపోయి, "అత్తా, ఈ పనంటే నాకు ప్రాణమే, అయినా ఇంక నా చేత కాదు, మానేస్తాండాను" అంది. అంటూండగానే ఫోన్ టింగుమంది. వాళ్ల మేడమ్ సెలవు రోజని కూడా చూడకుండా గ్రూపులో ఏవో ఫొటోలు అడుగుతోంది. పీక్కుపోయిన ఆ పిల్ల కళ్లు చూస్తుంటే, మదనపల్లెలో నేను పనిచేసిన సంస్థ పాత ఆఫీసు తలుపు పక్కన గోడకు కొట్టిన మేకులు గుర్తొచ్చాయి.

మీలో ఆ రోజుల్లో ఇలాంటి పనిలో ఉన్నవాళ్లకు చెప్పనక్కర్లేదు. తంబళ్లపల్లె వైపు పల్లెల్లో గొర్రెలకు కడుపులో పురుగులు పోయే నట్టల మందు తాపించడం మా పని. పొద్దున్నే బస్సెక్కితే సాయంత్రానికి దుమ్ము కొట్టుకుపోయి దిగేవాళ్లం. మా పెద్దసారు ముక్కోపి, ఆయన నోట మెచ్చుకోలు మాట విన్న పాపాన ఎవరూ పోలేదు. కానీ మేము గుమ్మంలో అడుగు పెట్టగానే ఎదురొచ్చి, భుజాన ఉన్న మందుల సంచి ఆయనే తీసి మేకుకు తగిలించేవారు. తెల్లవారేదాకా దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు, ఇంటికి అసలే తీసుకుపోకూడదు.

గొర్రెలకు రోగం వచ్చిన ఏడు, మందు ఆలస్యమైందని ఒక పల్లెలో నన్ను నానా మాటలూ అన్నారు. చచ్చిన గొర్రెలను కళ్లారా చూసి వచ్చిన నేను ఆఫీసు గుమ్మంలోనే భోరుమని, ఇక ఈ పని మానేస్తానన్నాను. ఆయన ఓదార్చలేదు. ఎప్పటిలాగే సంచి తగిలించి, "ఇంటికి పోయి పండుకోమ్మా. రేపు నేనూ వస్తాండాను. తిట్టేటోళ్లు నన్ను తిట్టనీ, నువ్వు మందు తాపు" అన్నారు. మర్నాడు అన్నట్టే వచ్చి, దొడ్డి ముందు కూర్చుని, మధ్యాహ్నం దాకా తల వంచుకుని ఆ తిట్లన్నీ తిన్నారు. లోపల నేను మందు తాపుతూ ఉన్నాను. మానేస్తానన్న మాట ఆ తర్వాత ఎన్నడూ నా నోట రాలేదు.

ఆయన పోయి చాలా ఏళ్లయింది, ఆ ఆఫీసూ పడగొట్టేశారు. ఇప్పటికీ సాయంత్రం బస్సు దిగుతున్న ఆడపిల్లల భుజాన సంచి కనబడితే ఆయన మీదికే నా మనసు పోతుంది.

ఇదంతా చెప్పి, మేనకోడలి ఫోన్ తీసి అలమరాలో పెట్టాను. కళ్లు మూసుకుంది. కాసేపటికి అలమరాలో టింగుమంది. నిద్రలోనే "ఎవురత్తా?" అంటూ చెయ్యి చాచింది. ఆ చెయ్యి పట్టుకుని కూర్చున్నానే గానీ, రేపు కుప్పంలో దానికి ఎదురొచ్చి భుజాన బరువు దించేవాళ్లు ఎవరున్నారు?